గీత దాటిన మంచం

పోస్టర్లో మంచం గాల్లో ఉంది. నాలుగు మూలలా నలుగురు పట్టుకుని, నేల మీద పోసిన తెల్లటి ముగ్గు గీత మీదుగా దాన్ని అవతలికి దాటిస్తున్నారు. వెనక అడవి, అడవి మీద సాయంత్రపు ఎండ, ముందు మూల పట్టుకున్న పెద్దమనిషి నోరు తెరుచుకుని ఉంది, ఎత్తండెత్తండని మిగతా ముగ్గురినీ అదిలిస్తున్నట్టు. వేదిక వెనక గోడ ఈ చివర నుంచి ఆ చివర దాకా ఆ ఒక్క ఫొటోనే. దాని కింద "నేల మీద ఇల్లు - ఆర్కిటెక్ట్ మహిమ బహిరంగ ఉపన్యాసం" అని బారెడేసి అక్షరాలు. ముందు వరసలో మూడో కుర్చీలో కూర్చున్న మహిమ ఫ్యాన్లను చూసింది, పూలకుండీలను చూసింది, కుండీకి అంటించిన ధర చీటీని కూడా చూసింది, ఆ గోడను మాత్రం చూడలేదు. గోడంత ఫొటో ఎదురుగా ఉంటే దాన్ని చూడకుండా కూర్చోవడం ఏమంత తేలిక పని కాదు, మెడ నొప్పి పుడుతుంది. ఖమ్మం బైపాస్ పక్కనున్న ఈ యూనివర్సిటీ ఆర్కిటెక్చర్ స్కూల్లో ఏటా మార్చిలో ఇదే తంతు. పొద్దున కెరీర్ మేళా, మధ్యాహ్నం పేరున్నవాళ్ళ ఉపన్యాసం. ఈ ఏడు ఆ పేరు మహిమది. డీన్ వెంకటరామారావు మైకు పట్టుకుని పావుగంటైంది, పరిచయం ఇంకా ఆవిడ డిగ్రీల దగ్గరే ఉంది, అవార్డుల దాకా రాలేదు. అవార్డుల దాకా వస్తే ఆ ఇంటి దాకా వస్తాడు, ఇంటి దాకా వస్తే ముగ్గు దాకా వస్తాడు. రాకుండా ఉంటే బాగుండును, కరెంటు పోతే బాగుండును, ఆయనకు దగ్గు తెర వచ్చినా బాగుండును అని నలభై రెండేళ్ళ ఆడమనిషి, పరీక్ష రోజు వాన పడాలని మొక్కుకునే స్కూలు పిల్లలా మనసులో మొక్కుకుంటోంది.

"ముగ్గు," అన్నాడు డీన్, వచ్చేశాడు. "మన పల్లెల్లో ఇల్లు కట్టే ముందు ముగ్గు పోస్తారు, అందరికీ తెలిసిందే. కాని ఆ ముగ్గులోనే మనుషుల్ని నిలబెట్టి, మంచం వేయించి, పొయ్యి పెట్టించి, ఇల్లు సరిపోతుందో లేదో వాళ్ళతోనే చెప్పించడమనేది మహిమగారి ఆవిష్కరణ." ఆవిష్కరణ అనే మాటకు మహిమ చెవులు కాలాయి. అది ఆవిడ ఆవిష్కరణేం కాదు, ఆవిడ తండ్రి ఏసయ్య మేస్త్రీ పద్ధతి. తిరుమలాయపాలెం చుట్టుపక్కల ఇళ్ళు కట్టి కట్టి అరిగిపోయిన ఆయన వేళ్ళకు సున్నప్పొడి చల్లడం వెన్నతో పెట్టిన విద్య. తాడు లాగి, మూలలు చూసి, గీత పోశాక ఇంటివాళ్ళందరినీ పిలిచేవాడు. మంచం తెమ్మనేవాడు, మూడు రాళ్ళు పెట్టి పొయ్యి ఎక్కడో చూపించమనేవాడు, ఇంటావిడ చేతికి బిందె ఇచ్చి రెండు గదులూ తిరిగి రమ్మనేవాడు. కూలి టైము అయిపోయినా సరే, వాళ్ళు అరగంట ఆ గీతల్లో కాపురం చేసి "సరిపోతది మేస్త్రీ" అంటే తప్ప పునాదికి గడ్డపార దింపేవాడు కాదు. అయితే ఒక్క నియమం పెట్టేవాడు. దర్వాజ వచ్చే చోట గీత పోయకుండా ఖాళీ వదిలేవాడు. రావడమైనా పోవడమైనా, మనిషైనా మంచమైనా, ఆ ఖాళీలోంచే. పిల్లలెవరైనా గీత తొక్కి అడ్డంగా పరిగెత్తితే గదమాయించేవాడు. గీతంటే గోడ, గోడ మీదికెళ్ళి ఎవరన్నా నడుస్తరారా అనేవాడు. ఈ పద్ధతిని మహిమ ఎనిమిదేళ్ళ వయసులో సున్నప్పొడి తట్ట మోస్తూ నేర్చుకుంది, ఢిల్లీలో చదువుకుని దానికి ఒక పేరు పెట్టింది, పేరుతో పాటు తనదైపోయింది. మొదట్లో రెండు మూడు సభల్లో మా నాన్న పద్ధతి అని చెప్పింది కూడా. తర్వాత తర్వాత టైము చాల్లేదు.

టైము, అవును, ఆ రోజూ టైమే. మూడేళ్ళ కిందట ఏప్రిల్, పాల్వంచ దాటి అడవి అంచున ఉన్న ఆ తండా, బిచ్యా ఇల్లు. హైదరాబాద్ నుంచి కెమెరావాళ్ళొచ్చి పొద్దుటి నుంచీ కాచుక్కూర్చున్నారు, ఎండ ఎర్రబడితే గాని ముగ్గు బాగా కనబడదని. మట్టి ఇటుకల ఇల్లు, పడమటి గుమ్మం. పడమటి ఎండ, ఈదురువాన లోపలికి కొట్టకుండా మహిమ ఒక వంపు కనిపెట్టింది. గుమ్మంలోకి అడుగు పెట్టగానే గది రాదు, రెండున్నర అడుగుల వెడల్పు దారి వస్తుంది, నాలుగడుగులు వేశాక అది కుడివైపుకు మలుపు తిరిగి గదిలోకి పోతుంది. దారి పైన సామాన్లకు అటక. కాగితం మీద ఆ వంపు ఎంత అందంగా ఉండేదంటే, దాని కోసం ఆ ఇంటిని గీసిందో ఇంటి కోసం దాన్ని గీసిందో ఇప్పటికీ తేల్చుకోలేదు. బిచ్యా, కొడుకు లాల్‌సింగ్, ఇంకో పాలివాడు మంచం తెచ్చారు. ఏసయ్య ఖాళీ వదిలిన చోట నిలబడి, చేతిలో తాడుచుట్ట, ఇటు తెండి ఇటు తెండని పిలుస్తున్నాడు. కెమెరా అటువైపు లేదు. ఎండ జారిపోతోంది. "గీత మీదుగా దాటించండి, నేనూ పడతాను" అంది మహిమ, నాలుగో మూల తనే పట్టుకుంది. ఏసయ్య దగ్గరికొచ్చి, కెమెరావాళ్ళు వినకుండా గొంతు తగ్గించి, "గీత మీదికెళ్ళి దాటియ్యకు బిడ్డా, దర్వాజలకెళ్ళి తేవాలె. ఆ వంపులో తిరుగుతదో లేదో చూడాలె గద" అన్నాడు. "నాయినా, ఇది ముగ్గే గద," అంది మహిమ, నవ్వింది కూడా, నలుగురి ముందు కూతురు తండ్రిని ఎంత ముద్దుగా విసుక్కోవచ్చో అంత ముద్దుగా. ఆయన తాడుచుట్టతో పక్కకు తప్పుకున్నాడు. బిచ్యా ఎత్తండని కేకేశాడు, మంచం లేచింది, కెమెరా టిక్కుమంది. ఫొటోలో ఎడమ అంచున తాడుచుట్ట పట్టుకున్న ఒక చెయ్యి ఉండేది. పోస్టర్ వేసినవాళ్ళకు అది అనవసరంగా కనబడి కత్తిరించారు.

తప్పు అక్కడే ఉంది, గోడంత పెద్దగా, పట్టపగలు. పదకొండు కాలేజీల్లో చూపించింది ఈ ఫొటోను. ప్రొఫెసర్లు చూశారు, జ్యూరీవాళ్ళు చూశారు, మట్టి ఇళ్ళ మీద పుస్తకాలు రాసినవాళ్ళు కళ్ళజోళ్ళు సర్దుకుని చూశారు, ఒక్కరంటే ఒక్కరికి తట్టలేదు, మంచం గోడ మీదుగా ఎలా వచ్చిందని. తట్టినామె ఒక్కతే, ఎర్రుపాలెంలో మిరపతోట చేసుకునే ప్రమీలారాణి. ఆవిడ మహిమను చూడను కూడా లేదు. పొద్దున కెరీర్ మేళాలో, వరండాలో వరసగా బల్లలు, బల్లకో కంపెనీ, మహిమ ఆఫీసు బల్ల ముందు పిల్లలు డ్రాయింగుల అట్టలు చంకన పెట్టుకుని రేషన్ షాపు ముందు నిలబడ్డట్టు నిలబడ్డారు. ఇద్దరికే ఉద్యోగం. తొమ్మిదో మనిషి ఆ ప్రమీలారాణి కూతురు లిఖిత, ఆఖరి సంవత్సరం, చేతుల నిండా జిగురు మరకలు. గోదావరి వరదకు ఇళ్ళు పోయినవాళ్ళకు భద్రాచలం దగ్గర నలభై ఇళ్ళ కాలనీ గీసింది. నలభై ఇళ్ళకూ నలభై వంపులు. "మీ వంపే మేడం," అంది సిగ్గుపడుతూ, "కాపీ కొట్టాననుకోకండి, నేర్చుకున్నా." పక్కనే నిలబడ్డ డీన్, ఒక స్వచ్ఛంద సంస్థ ఈ వానల్లోపు పది ఇళ్ళు నిజంగానే కట్టించబోతోందని గర్వంగా చెప్పాడు. అప్పుడా పిల్ల నోటుపుస్తకం తెరిచింది. "ఒక్క డౌటుంది మేడం. మోడల్‌ను ఇంటికి తీసుకుపోతే మా అమ్మ చూసి, మంచం లోపలికి ఎట్టా పోద్దే అనడిగింది. నాకు చెప్పడం రాలా."

అదీ ప్రశ్న. తినే బల్ల మీద పెట్టిన అట్టముక్కల ఇంటిని, చెయ్యి కడుక్కుని వస్తూ ఒక్కసారి చూసి అడిగిన ప్రశ్న. మహిమ నోట్లోంచి జవాబు ఎంత సులువుగా వచ్చిందంటే ఎక్కడో లోపల ముందే వండి మూత పెట్టి ఉంచినట్టు వచ్చింది. "పక్కకు వంచితే పోతుందమ్మా." లిఖిత రాసుకుంది. పక్కకు వంచితే పోతుంది అని, కింద గీత కూడా గీసుకుంది. ఆ గీత గీస్తున్నంతసేపూ మహిమ ఆ పిల్ల చేతివేళ్ళకేసి చూస్తూ, ఆగు, కొట్టెయ్యి అనే రెండు మాటల కోసం గొంతులో వెతుక్కుంది. దొరకలేదు. పక్కనే డీన్ ఉన్నాడని, వెనక పాతికమంది పిల్లలున్నారని తనకు తాను చెప్పుకుంది. పైగా "బాగుంది, నువ్వు మా ఆఫీసుకు వస్తున్నావు" అంది. తప్పు చేసినవాళ్ళకు ఉదారబుద్ధి ఎక్కడలేనిదీ పుట్టుకొస్తుంది. ఇప్పుడా పిల్ల రెండో వరసలో, సరిగ్గా మహిమ వెనక కుర్చీలో కూర్చుంది, పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి చేస్తున్న చప్పుడు వినబడుతోంది.

ఆ చప్పుడు చర్చిలో అమ్మ ముందు వరసలో కూర్చుని బైబిల్ కవరు జిప్పు మూస్తూ తెరుస్తూ చేసే చప్పుడులా ఉంది. విశ్రాంతమ్మ సాక్ష్యం చెప్పే ముందు అలాగే చేసేది. ఆదివారం పాటలయ్యాక పాస్టరుగారు ఎవరైనా సాక్ష్యం చెప్తారా అంటే మిగతావాళ్ళు దేవుడు జ్వరం తగ్గించాడనీ, కొడుకుకు నౌకరీ ఇచ్చాడనీ చెప్పేవాళ్ళు. అమ్మ మాత్రం లేచి తను చేసినవి చెప్పేది. బోరింగు దగ్గర బిందె ముందుకు జరిపి ఎదురింటామె వంతు కాజేసిన సంగతి, పక్కింటి కోడిపెట్ట మన దొడ్లో గుడ్డు పెడితే కూర వండిన సంగతి. ఆ ఎదురింటామె కూడా చాప మీద అక్కడే కూర్చుని ఉండేది. పదేళ్ళ మహిమకు భూమి రెండుగా చీలి తనను లోపలికి లాక్కుంటే బాగుండుననిపించేది, ఊళ్ళో ఇంతమంది అమ్మలుండగా తనకీ అమ్మే దొరకాలా అని. ఒకసారి ఇంటికొచ్చాక ఏడ్చింది కూడా. విశ్రాంతమ్మ దగ్గర కూర్చోబెట్టుకుని, "ముందు పేరు చెప్పాలె. తర్వాత ఏం చేసినవో చెప్పాలె. ఎందుకు చేసినవో చెప్పొద్దు బిడ్డా, అది చెప్పుడు మొదలువెడితే తప్పు తప్పించుకపోతది" అంది. అమ్మ పోయి తొమ్మిదేళ్ళు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. అమ్మ ప్రతి ఆదివారం చించుకునేది, మళ్ళీ సోమవారం తేలిగ్గా పనిలోకి పోయేది. మహిమ ఆర్నెల్లుగా మూట కట్టి మోస్తోంది.

ఆర్నెల్లేనా? మోత ఆర్నెల్లది, తప్పు అంతకంటే పాతది. ఇల్లు పూర్తయిన రోజు ద్వాలి, బిచ్యా భార్య, గుమ్మానికి పసుపు రాసి మహిమకు చీర పెట్టింది. మంచం లోపల చక్కగా వేసి ఉంది, ఫొటోలు తీశారు. అది ఎలా లోపలికి వచ్చిందో మహిమ అడగలేదు, వాళ్ళు చెప్పలేదు. ముందు రోజంతా ద్వాలీ, లాల్‌సింగూ దాన్ని పక్కకు వంచి చూశారట, నిలబెట్టి చూశారట, నిలబెడితే అటక తగిలిందట, చివరికి నులక మొత్తం విప్పి, మంచంకోళ్ళు ఊడదీసి, ముక్కలు ముక్కలుగా లోపలికి చేరవేసి, అక్కడే బిగించి అల్లారట. మేడం చిన్నబుచ్చుకుంటదని చెప్పలేదట. ఈ సంగతి ఏసయ్యకు తెలుసు, ఆయన కూడా చెప్పలేదు. చెప్పాల్సినప్పుడు ఒకసారి చెప్పాడు కదా. ఇక అది లోపల పుట్టిన మంచం, లోపలే ఉండాలి. ఎండాకాలం బయట వేసుకుని పడుకునే అలవాటున్న బిచ్యా రెండు వేసవులు నేల మీద చాప వేసుకున్నాడు. పోయిన ఏడాది ఫిబ్రవరిలో లాల్‌సింగ్ ఫోన్ చేశాడు. క్షేమసమాచారాలన్నీ అడిగాడు, అడవిలో ఇప్పపూలు రాలుతున్నాయన్నాడు, ఇంకా ఏదో నసిగాడు, చివరికి, "మేడం, కోపం చెయ్యకుంటె ఒకటి అడుగుత. ఆ అడ్డగోడ ఒక్కటి తీసుకోవచ్చునా? బాపుకు మంచం బయటికి తెచ్చుకుందుమని" అన్నాడు.

వాళ్ళ ఇల్లు. వాళ్ళ గోడ. వాళ్ళ నేల మీద వాళ్ళ మట్టి. దాన్ని తీసుకోవచ్చునా అని అడిగాడు ఆ మనిషి, ముప్పై కిలోమీటర్ల అవతల ఉంటే ఏం, మూడొందల కిలోమీటర్ల అవతల ఉంటే ఏం, ఇల్లు గీసిన మనిషికి ఒక మాట చెప్పకుండా ముట్టుకోకూడదని. మహిమ అప్పుడు కారులో ఉంది. సెప్టెంబరులో బయటి దేశం నుంచి ఒక పత్రికవాళ్ళు ఆ ఇంటిని చూడడానికి, ఫొటోలు తీయడానికి వస్తున్నారు. ఆ సంగతి చెప్పి, "సెప్టెంబర్ దాకా ఆగు లాల్‌సింగ్, తర్వాత మీ ఇష్టం" అంది. చాలా మర్యాదగానే అంది. "సరే మేడం, ఆగుతం," అన్నాడు. ఆగారు. పెద్దవాళ్ళెవరైనా ఆగమంటే ఆ తండావాళ్ళు ఆగుతారంతే. మార్చి, ఏప్రిల్, మే, జూన్, జూలై. ఫోన్ పెట్టేశాక మహిమ ఆ సంగతి సిగ్నలు దాటేసరికి మరిచిపోయింది.

ఆగస్టులో తెల్లారుతుండగా బిచ్యా మంచం మీంచి లేవబోయి పడిపోయాడు, మూతి ఒక పక్కకు పోయింది, తల పొయ్యిగట్టుకు కొట్టుకుంది. నూటెనిమిది బండి వాగు అవతల రోడ్డు మీదికే వస్తుంది. మెడ కదలకుండా, పడుకున్న మనిషిని పడుకున్నట్టే తెమ్మని ఫోన్లో చెప్పారు. ఆ తండాలో ఎవరికి బాగాలేకపోయినా అంతే కదా, మంచం మీద పడుకోబెట్టి నలుగురు భుజాన ఎత్తుకుని వాగు దాటిస్తారు, పుట్టిన దగ్గర్నుంచీ చూస్తున్న పనే. మంచం మీద పడుకోబెట్టారు. నలుగురు ఎత్తారు. నాలుగడుగులు వేశారు. వంపు దగ్గర ఆగిపోయారు. వెనక్కి తెచ్చారు, ఇంకోలా తిప్పారు, ఆగిపోయారు. అప్పుడు లాల్‌సింగ్ గడ్డపార తెచ్చాడు. ఏసయ్య కట్టిన గోడ, వెంట్రుకంత పగులు లేకుండా కట్టిన గోడ, తొందరగా పడుతుందా? ద్వాలి మొగుడి తల మీద దుమ్ము పడకుండా కొంగు పట్టుకుని నిలబడిందట, అరగంట పైనే. భద్రాచలం దవాఖానాలో బతికాడు. కుడిచెయ్యి పోయింది, మాట పోయింది. ఇంకొంచెం ముందు వచ్చి ఉంటే అని డాక్టర్లు అందరితో అనే మాటే అన్నారు. ఆ అరగంటే చేసిందా, వాగు దగ్గర పట్టిన టైము చేసిందా, అతని డెబ్భై ఏళ్ళు చేశాయా అని మహిమ రాత్రిళ్ళూ పగళ్ళూ లెక్కలు కట్టింది, ప్రతిసారీ తనకు అనుకూలంగానే కట్టబోయింది, ప్రతిసారీ లెక్క మధ్యలోనే ఆ ఫోన్ కాల్ వచ్చేది. ఆగుతం మేడం.

చూడడానికి వెళ్ళింది, వెళ్ళకుండా ఎలా ఉంటుంది. పండ్లు పట్టుకుని, ఏసయ్యను వెంటబెట్టుకుని. గుమ్మం ముందు నేరేడు కింద బిచ్యా ఆ మంచం మీదే కూర్చుని ఉన్నాడు. గోడ పోయింది కాబట్టి మంచం బయటికి వచ్చింది. అతను మహిమను చూసి ఎడమచెయ్యి ఎత్తి దండం పెట్టబోయాడు, ఒక చేత్తో దండం కుదరక నుదుటికి తాకించుకున్నాడు. నోరు తెరిచాడు, ఫొటోలో తెరిచినంతా తెరిచాడు, చప్పుడు రాలేదు. ద్వాలి చాయ్ తెచ్చింది. కూలిన గోడ మొదలును అలికి శుభ్రంగా పెట్టుకుంది, గాయానికి కట్టు కట్టినట్టు. మహిమ చెప్పాలనుకున్నవన్నీ దారి పొడవునా పేర్చుకుని వచ్చింది, నన్ను క్షమించండి అనే దగ్గర మొదలుపెట్టాలనుకుంది. ఆమె నోరు విప్పకముందే ద్వాలి చాయ్ గ్లాసు చేతికిస్తూ, తలొంచుకుని, "మిమ్ముల అడగకుండ గోడ కూలగొట్టినం మేడం. ఏమనుకోకండ్రి, గప్పుడు తెలివి లేకుంటయ్యింది" అంది. ద్వాలి క్షమాపణ అడిగింది. ముందు ఆమె అడిగేసింది. ఇక మహిమ ఏం అడుగుతుంది? "పర్లేదు," అంది. పర్లేదట, ఏం పర్లేదు, ఎవరికి పర్లేదు, ఎవరు ఎవర్ని క్షమిస్తున్నారు అక్కడ? ఏసయ్య కూలిన గోడ దగ్గరికి పోయి, పగిలిన ఇటుక ఒకటి చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి మళ్ళీ అక్కడే పెట్టాడు. పత్రికవాళ్ళకు రావద్దని రాసింది, వానలని రాసింది. ఆ తర్వాత నాలుగు కాలేజీల్లో మళ్ళీ ఇదే ఫొటో చూపించింది. పిలిచారు, వెళ్ళింది. ఇదీ మనిషి.

ఈ పొద్దున బయల్దేరుతుంటే ఏసయ్య ఫోన్ చేశాడు. తిన్నావా, కారు నువ్వే నడుపుతున్నావా అన్నాడు. తర్వాత, "ఆ ఫొటోనే చూపిస్తవా?" అన్నాడు. "అవ్ నాయినా," అంది. "మంచిది," అన్నాడు. ఆ మంచిదిలో ఎత్తిపొడుపు ఉంటే బాగుండేది, పట్టుకుని పోట్లాడొచ్చు. ఆయనకు ఎత్తిపొడవడం రాదు, గోడ వంకరగా ఉంటే గుండు దారం వేలాడదీసి పక్కకు తప్పుకుంటాడు, ఎంత వంకరో చూసుకోవడం నీ పని.

"ఇప్పుడు మహిమగారు వేదిక మీదికి రావలసిందిగా," అంటున్నాడు డీన్, చప్పట్లు మొదలయ్యాయి, ఎవరో అమ్మాయి పూలగుత్తి పట్టుకుని ఎదురొచ్చింది. మూడు మెట్లు. మొదటి మెట్టు మీద, మాట్లాడేద్దాం, మామూలుగానే మాట్లాడేద్దాం, సాయంత్రం లిఖితను పక్కకు పిలిచి ఆ వంపు వెడల్పు చెయ్యమని చెబితే సరిపోతుంది, కారణం చెప్పనక్కర్లేదు అనుకుంది. రెండో మెట్టు మీద, అవును అదే మంచిది, అందరి ముందూ చెబితే ఆ తండావాళ్ళ పేరే రచ్చకెక్కుతుంది అనుకుంది. ఎంత దయ, ఎంత ముందుచూపు. మూడో మెట్టు మీద ఏమీ అనుకోలేదు. మైకు ముందు నిలబడింది. నోరు దాని పని అది చేసింది, పదకొండు సార్లు చేసిన పని. "ఈ ఫొటో చూడండి," అంది, "ఇందులో ఇల్లు లేదు. ఇంట్లో ఉండబోయే మనుషులున్నారు." ఈ మాటకు ఎక్కడైనా చప్పట్లు వస్తాయి, ఇక్కడా వచ్చాయి. రెండో వరసలో లిఖిత చప్పట్లు కొట్టడానికి పెన్ను ఒళ్ళో పెట్టుకుంది. ఆ చేతుల మీద జిగురు మరకలు. పది ఇళ్ళు, ఈ వానల్లోపు. పదిమంది బిచ్యాలు.

"నా పేరు మహిమ," అంది. ఇప్పుడే డీన్ అరగంట చెప్పిన పేరు, ఎవరో నవ్వారు. "ఈ మంచం మోస్తున్న నలుగురిలో నేనొకదాన్ని. ఈ పద్ధతి నాది కాదు, మా నాయిన ఏసయ్య మేస్త్రీది. మంచాన్ని దర్వాజలకెళ్ళి తెమ్మని ఆయన చెప్పిండు. నేను గీత మీదికెళ్ళి దాటిచ్చిన." సభల్లో మాట్లాడే భాష ఎక్కడో జారిపోయింది, తిరుమలాయపాలెం భాష వస్తోంది, రానీ. "లిఖితా, మీ అమ్మ అడిగిందానికి పొద్దున నేను అబద్ధం చెప్పిన. పక్కకు వంచినా పోదు. నిలబెట్టినా పోదు. ఆ వంపుల మంచం తిరగదు. ఇంట్లోవాళ్ళు ఆ గోడ తీసుకుంటమని నన్ను అడిగిన్రు. నేను ఆగమన్న. ఆగిన్రు." ఎందుకు ఆగమందో నాలుక చివరి దాకా వచ్చింది, పత్రిక, సెప్టెంబరు, మంచి సాకే. మింగేసింది. మిగతాది చెప్పింది, ఆగస్టు, గడ్డపార, అరగంట, కొంగు. ఎంత చెప్పిందో, ఎంతసేపు చెప్పిందో తెలియదు. డీన్ కుర్చీలో ముందుకు వంగి చేతిగడియారం చూసుకుంటున్నాడు. తేలికపడుతుందేమో అనుకుంది, అమ్మ తేలికపడేదిగా. పడలేదు. సిగ్గు ఎక్కడిదక్కడే ఉంది, కాకపోతే ఇప్పుడు అందరికీ కనబడుతోంది.

లిఖిత నోటుపుస్తకం తెరిచి, పొద్దున రాసుకున్న మాట వెతుక్కుని అడ్డంగా కొట్టేసింది. తర్వాత మైకు కోసం ఆగకుండా లేచి నిలబడి, పదకొండు కాలేజీల్లో ఏ ఒక్కరూ అడగనిది అడిగింది. "ముందు నిలబడి కేకేస్తున్న తాత ఆయనేనా మేడం? ఇప్పుడెట్లా ఉన్నారు?"

మహిమ అప్పుడు వెనక్కి తిరిగి ఆ గోడను చూసింది. దగ్గర్నుంచి బిచ్యా మొహం మనిషంత ఉంది. నోరు తెరుచుకునే ఉంది.

"ఆయనే," అంది. "మాట రాదమ్మా ఇప్పుడు."